రక్తపిశాచి నవలల్లో ముందు ఏది చదవాలి?

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి ముందుగదిలో గాజు తలుపుల బీరువా ఒకటి ఉంది. ఇంటర్మీడియట్, బీటెక్ చదివే పిల్లలూ, అప్పుడప్పుడు వాళ్ల అమ్మానాన్నలూ అందులోంచి పుస్తకాలు తీసుకువెళ్లి, చదివి తిరిగి ఇస్తుంటారు. ఈ మూడేళ్లలో ‘డ్రాక్యులా’ను అయిదుగురు పట్టుకువెళ్లగా, చివరి పేజీ దాకా వెళ్లింది ఒక్కరే. నా ప్రతిలో అయిదో అధ్యాయం మొదట్లో ఎవరో మడిచిపెట్టిన విజయవాడ బస్సు టికెట్టు ఇప్పటికీ అలాగే ఉంది. కొండమీది కోట కథ నాలుగో అధ్యాయంతో ముగిసి, ఇంగ్లండులో ఇద్దరు స్నేహితురాళ్ల ఉత్తరాలు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

ఆ టికెట్టు పెట్టిన వారిని నేను తప్పుపట్టను. వాళ్లు సినిమాల్లో, సీరియళ్లలో చూసిన రక్తపిశాచి అందగాడు, దుఃఖితుడు, ప్రేమించగలవాడు. ఆయన కోసం 1897 నాటి నవల తెరిస్తే, అందులో ఉన్నది నోటి నుంచి దుర్వాసన వచ్చే, అరచేతుల్లో వెంట్రుకలున్న ముసలి దొర. కావలసింది ఒకటి, చేతికి వచ్చింది మరొకటి. రెండు వందల ఏళ్లలో ఈ పాత్ర ఎన్నిసార్లు మనిషి మారిందో తెలిస్తే, ఎవరికి తగిన నవల వారు ఎంచుకోవచ్చు. ఈ వ్యాసం అందుకోసమే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

నవల ఎంత భయపెడుతుందన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నా అనుభవంలో అది పెద్దగా పనికిరాని ప్రశ్న, ఎందుకంటే భయం కాలంతో పాటు కరిగిపోతుంది. మన తాతల కాలంలో వెన్నులో చలి పుట్టించిన ఘట్టం ఈనాటి కుర్రవాడికి ఆవలింత తెప్పించవచ్చు. అంతకన్నా ముందు చూడవలసింది, కథను ఎవరి నోట వింటున్నాం అన్నది. పిశాచిని వేటాడేవాళ్లు చెబుతున్నారా, దాని పాలబడినవాళ్లు చెబుతున్నారా, ప్రేమించినవాళ్లు చెబుతున్నారా, లేక పిశాచే నోరు విప్పిందా? ఈ ఒక్కటి తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

రెండోది, ఆ నవల తన పిశాచికి పెట్టిన నియమాలు. ఎండ, వెల్లుల్లి, శిలువ, అద్దం, గడప దాటడానికి పిలుపు అనేవి అన్ని నవలల్లోనూ ఒకేలా పనిచేయవు. కొందరు పాఠకులకు ఈ లెక్కలంటేనే ఇష్టం, కొందరికి విసుగు. మూడోది ఇంగ్లీషు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి పందొమ్మిదో శతాబ్దపు వాక్యాలు మొదటి ముప్పై పేజీలు గట్టిగానే పరీక్ష పెడతాయి. నాలుగోది చదివేవారి వయసు; దీన్ని తల్లిదండ్రులు తేలిగ్గా తీసుకోకూడదు.

పల్లె శవం దొరగా మారిన వైనం

ఎంపికకు ముందు కొంచెం పూర్వరంగం అవసరం. 1725లోనూ, 1731–32లోనూ ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియా పల్లెల్లో చనిపోయినవారు లేచివచ్చి బతికినవారిని చంపుతున్నారన్న గోల పుట్టి, అధికారులు సమాధులు తవ్వించి నివేదికలు రాశారు. ఆ నివేదికల వల్లే ‘వాంపైర్’ అన్న మాట యూరపు పత్రికలన్నిటికీ ఎక్కింది. ఆ పిశాచి సాదా రైతు. ఉబ్బిన శవం, ఎర్రబారిన ముఖం, మాసిన గోనెలాంటి బట్ట. అందం, హుందాతనం, కోట, గుర్రబ్బండి ఏవీ లేవు.

దొరతనం వచ్చింది 1819లో. కవి బైరన్‌కు వైద్యుడిగా వెళ్లిన జాన్ పాలిడోరి, 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున దయ్యాల కథల పోటీ జరిగిన ఇంట్లో ఉన్నాడు. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’కు బీజం పడింది కూడా ఆ ఇంట్లోనే. పాలిడోరి రాసిన ‘ద వాంపైర్’ కథ మొదట బైరన్ పేరుతోనే అచ్చయింది. అందులోని లార్డ్ రూత్వెన్ లండన్ విందుల్లో తిరిగే ప్రభువు. బైరన్ పోలికలు ఆయనలో ఉండడం యాదృచ్ఛికం కాదు. మట్టి వాసన కొట్టే శవం పోయి, మన ఊళ్లో జలగలా పీల్చుకుతినే జమీందారు వంటి వాడు వచ్చాడు. 1867లో మార్క్స్ పెట్టుబడిని బతికిన శ్రమను పీల్చే రక్తపిశాచితో పోల్చేనాటికి ఆ ఉపమానం ఎవరికీ వివరించవలసిన అవసరం లేకపోయింది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేసి పెరిగిన నా తరానికి రక్తపిశాచి మొదట పరిచయమైంది దయ్యాల కథలో కాదు, ఆ ఉపమానంలోనే.

కార్మిల్లా (1872): పాలబడిన అమ్మాయి చెప్పిన కథ

ఐర్లండు రచయిత షెరిడన్ లె ఫాను రాసిన ఈ చిన్న నవలలో పదహారు పొట్టి అధ్యాయాలున్నాయి. ఉదయం విజయవాడలో రైలెక్కితే విశాఖపట్నం చేరేలోపు ముగించవచ్చు. ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో, అడవి నడుమ కోటలో తండ్రితో ఒంటరిగా పెరుగుతున్న లారా అనే అమ్మాయి ఇంటికి, బండి ప్రమాదం నెపంగా కార్మిల్లా అతిథిగా చేరుతుంది. ఇద్దరి మధ్య పెరిగే ఆకర్షణ స్నేహమో ప్రేమో మృత్యువో లారాకు తెలియదు, తెలుసుకోవాలని ఆమెకు పెద్దగా ఉన్నట్టూ అనిపించదు.

ఇందులో నాకు మరపురానిది పటం ఘట్టం. పొగచూరి నల్లబడిన పాత చిత్రపటాలను శుభ్రం చేయించి తెస్తారు. వాటిలో 1698 నాటి మిర్కల్లా అనే ప్రభుకన్య ముఖం తేటపడగానే అది అచ్చం కార్మిల్లా ముఖం. గొంతు మీది చిన్న పుట్టుమచ్చతో సహా ఉందని లారా సంబరపడిపోయి, పటాన్ని తన గదిలో పెట్టుకుంటానని తండ్రిని అడుగుతుంది. పాఠకుడికి గుండె జారుతుంటే కథ చెప్పే పిల్ల మురిసిపోతుంటుంది. ఇరవై ఐదేళ్ల తర్వాత వచ్చిన ‘డ్రాక్యులా’ అంతటి పెద్ద నవలలోనూ ఇంత నాజూకైన ఘట్టం లేదని నా అభిప్రాయం. ఒక లోపం మాత్రం ఉంది. చివరి భాగంలో పెద్దమనుషులు వచ్చి విషయమంతా వివరించడం మొదలుపెట్టగానే కథ చప్పబడిపోతుంది.

డ్రాక్యులా (1897): వేటగాళ్ల దస్త్రం

బ్రామ్ స్టోకర్ నవలను నవల అనుకోకుండా కేసు ఫైలు అనుకుని చదివితే సగం ఇబ్బంది తీరుతుంది. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, ఓడ లాగ్‌బుక్కు, పత్రికల కత్తిరింపులు అన్నీ తేదీల ప్రకారం కుట్టిన దస్త్రం అది. డాక్టర్ సెవార్డ్ తన డైరీని ఆనాటికి కొత్త వింత అయిన ఫోనోగ్రాఫులో మాట్లాడి నింపుతాడు. మీనా అనే యువతి దాన్నంతా టైపు కొట్టి వరసలో పెడుతుంది. ఇందరు రాశారు గాని, డ్రాక్యులా డైరీ మాత్రం ఇందులో లేదు. ఆయన మాటలు మనకు చేరేది పరాయివాళ్ల కాగితాల నుంచే. మొదటి నాలుగు అధ్యాయాల్లో దర్జాగా మాట్లాడిన దొర, ఆ తర్వాత ఎక్కువగా కిటికీ అవతలి నీడగా, గబ్బిలంగా, పొగమంచుగానే కనిపిస్తాడు. ఒకసారి ఆయన డాక్టర్ గదిలో జొరబడి కాగితాలనూ ఫోనోగ్రాఫు సిలిండర్లనూ నిప్పులో వేసి తగలబెడతాడు. టైపు ప్రతి ఒకటి ఇనప్పెట్టెలో భద్రంగా ఉండడం వల్ల వేటగాళ్లు బతికిపోతారు. తన గురించి ఎవరు ఏం రాస్తున్నారో ఆ ముసలివాడికి బాగానే తెలుసు.

నియమాల విషయంలో చాలామందికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. ఈ నవలలో డ్రాక్యులా పగటిపూట తిరుగుతాడు. లండన్‌లో పికడిల్లీ వీధిలో పట్టపగలు ఒక అందమైన అమ్మాయిని తేరిపార చూస్తూ, మొదట్లో కోటకు వెళ్లిన యువ న్యాయవాది హార్కర్, అతడి భార్య మీనాల కంట పడతాడు. పగలు ఆయన శక్తులు తగ్గుతాయి తప్ప ఎండకు బూడిద కాడు. ఎండ తగిలితే నశించడమన్నది 1922లో వచ్చిన జర్మన్ మూగచిత్రం ‘నోస్‌ఫెరాతు’ స్థిరపరచిన నియమం. అనుమతి లేకుండా తీసినందుకు స్టోకర్ భార్య దావా వేయగా ఆ చిత్రం ప్రతులను నాశనం చేయాలని కోర్టు ఆదేశించింది. ప్రతులు మిగిలాయి, నియమమూ మిగిలింది. ఎండే పిశాచికి విరుగుడైతే రోహిణి కార్తెలో బెజవాడకు ఏ భూతవైద్యుడూ అక్కరలేదు. మరో విశేషం, ఆయన అంతం గుండెలో దిగిన మేకుతో జరగదు. హార్కర్ చేతిలోని గూర్ఖా కుక్రీతోనూ, అమెరికన్ మిత్రుడి కత్తితోనూ జరుగుతుంది.

మొదటి నాలుగు అధ్యాయాలు ఎవరినైనా పట్టి ఉంచుతాయి. గడ్డం గీసుకునే అద్దంలో వెనకనున్న దొర కనపడకపోవడం, ఆ అద్దాన్ని ఆయన కిటికీలోంచి విసిరేయడం, రాత్రివేళ కోటగోడ మీద తల కిందుగా బల్లిలా పాకడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ తర్వాతి వంద పేజీలు ఓపిక అడుగుతాయి. వేటగాళ్ల నాయకుడు ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ వచ్చీరాని ఇంగ్లీషులో చేసే ఉపన్యాసాలు నాకే బరువు. అయినా కథ ఎలా చెబుతున్నారన్న దాని మీద ఆసక్తి ఉన్నవారికి ఇంతకు మించినది లేదు.

ఐ యామ్ లెజెండ్ (1954): చివరి మనిషి

రిచర్డ్ మాథెసన్ ఈ పిశాచిని కోటలోంచి బయటికి లాగి లాస్ ఏంజెలెస్‌లోని మామూలు పేటలో పడేశాడు. ఒక అంటువ్యాధితో ఊరంతా రక్తపిశాచాలు కాగా, మిగిలిన ఒకే ఒక మనిషి రాబర్ట్ నెవిల్. పగలు నిద్రలో ఉన్నవాటిని వెతికి మేకులు దిగగొడతాడు. రాత్రి తలుపులు బిగించుకుని గ్రామఫోను పెట్టుకుంటాడు. పక్కింటి పాత స్నేహితుడు రోజూ వీధిలో నిలబడి బయటికి రమ్మని పేరు పెట్టి పిలుస్తుంటాడు. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఈ పుస్తకం మళ్లీ తీసి, రెండో అధ్యాయం దాటలేక మూసేశాను.

నియమాలంటే ఇష్టపడే పాఠకుడికి ఇదే పండుగ. నెవిల్ గ్రంథాలయంలో పుస్తకాలు తెచ్చుకుని, సూక్ష్మదర్శినిలో రక్తం చూసి, వెల్లుల్లి ఎందుకు పనిచేస్తుంది, శిలువ ఎందుకు పనిచేస్తుంది అని ఒక్కొక్కటీ పరీక్షిస్తాడు. శిలువ భయం మనసులోనిదనీ, యూదుడైన పిశాచికి శిలువ పట్టదనీ, అతడి ముందు పెట్టవలసింది అతడి గ్రంథమైన తోరా అనీ తేలుతుంది. అంటే మనిషిగా ఉన్నప్పుడు దేన్ని నమ్మాడో పిశాచిగా దానికే భయపడతాడు. మన ప్రాంతపు పిశాచి దేనికి జడుస్తుందన్న వాదన మా ఇంట్లో ఒక సాయంత్రమంతా నడిచింది. ముగింపు నేను చెప్పను. అందరూ పిశాచాలైన లోకంలో ఎవరు ఎవరికి పిశాచి అన్న ప్రశ్నను ఆ చివరి పేజీల్లోనే చూడాలి. 2007 నాటి హాలీవుడ్ సినిమా చూసినవారు కథ తెలుసనుకోవద్దు, థియేటర్లలో ఆడినదాని ముగింపు వేరు.

ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్ (1976): నోరు విప్పిన శవం

ఈ నవల మొదటి పేజీలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక గదిలో కుర్రవాడు టేప్ రికార్డరు బల్లమీద పెట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా ఉన్న లూయీ 1791లో రక్తపిశాచిగా మారినవాడు. తెల్లవారేదాకా కథ చెప్పేది అతడే. 1897లో ఫోనోగ్రాఫు వేటగాళ్ల చేతిలో ఉంది, పిశాచి దాన్ని తగలబెట్టాడు. ఎనభై ఏళ్లు నిండకముందే యంత్రం పిశాచి ముందుకు వచ్చింది, అతడు దాన్ని తిప్పనిస్తూ మాట్లాడాడు. రెండు వందల ఏళ్లలో ఈ పాత్రకు జరిగిన మార్పుల్లో ఇంతకన్నా పెద్దది నాకు కనిపించదు. నోరు విప్పగానే పాత నియమాలను లూయీయే కొట్టిపారేస్తాడు. శిలువ మాట అడిగితే, శిలువలను చూడడం తనకు ఇష్టమేనంటాడు.

ఈ నవల రాసిన ఆన్ రైస్ కూతురు 1972లో ల్యుకేమియాతో చనిపోయింది. నవలలోని క్లాడియా అనే పసిపిల్లను పిశాచిగా మార్చి బతికిస్తారు. ఆమె మనసు పెరుగుతుంది, దేహం ఎన్ని దశాబ్దాలైనా పాపగానే ఉండిపోతుంది. ఈ రెండు సంగతులూ తెలిసి చదివేవారికి క్లాడియా వచ్చే పేజీలు తిప్పడం కష్టం. ఇందులో భయం తక్కువ, శోకం ఎక్కువ. కొన్నిచోట్ల ఆ శోకం మోతాదు మించిందనడమూ న్యాయమే. లూయీ మధనం మధ్యభాగంలో చెప్పిందే చెబుతుంది.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఒక సదుపాయం ఉంది. శవం కథ చెప్పడం మనకు కొత్త కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి ‘కథాసరిత్సాగరం’లోనే భేతాళుడు రాజు భుజం మీంచి కథలు చెప్పాడు. తెనాలి వారైన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947లో మొదలుపెట్టిన ‘చందమామ’ వాటి ధోరణిని ఇంటింటికీ తెచ్చింది. 1870లో రిచర్డ్ బర్టన్ ఆ కథలను ఇంగ్లీషులోకి తెస్తూ పేరులో భేతాళుణ్ణి ‘వాంపైర్’ చేశాడు గాని, ఆ మాట అతకదు. మన భేతాళుడు నెత్తురు తాగడు, చిక్కుప్రశ్న వేసి తల తింటాడు. అయినా రాత్రి, ఒక మాట్లాడే శవం, ఒక వినే మనిషి అన్న అమరిక రెండింటిలోనూ ఒకటే. అందుకే మా బీరువా దగ్గరికి వచ్చే చందమామ తరం పెద్దలకు నేను డ్రాక్యులా కన్నా ముందు దీన్నే ఇస్తాను.

ఈ శతాబ్దపు రెండు

‘లెట్ ద రైట్ వన్ ఇన్’ స్వీడన్ రచయిత యోన్ అయ్‌విదె లిండ్‌క్విస్ట్ 2004లో రాసినది. మనకు ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది. స్టాక్‌హోమ్ శివారు కాలనీలో బడిలో తోటిపిల్లల చేతిలో దెబ్బలు తినే పన్నెండేళ్ల ఆస్కర్‌కు, పక్క ఫ్లాటులో దిగిన ఎలీ నేస్తమవుతుంది. పిలవకుండా ఇంట్లోకి రాకూడదన్న పాత నియమాన్ని ఈ రచయిత పట్టుకున్న తీరు గొప్పది. ఏమవుతుందో చూద్దామని ఆస్కర్ పిలవడు, అయినా ఎలీ లోపలికి వస్తుంది, ఆమె ఒంటినిండా నెత్తురు చిమ్ముతుంది. కథానాయకుడి వయసు చూసి పిల్లల పుస్తకమనుకుని కొనవద్దు. ఇందులో హింస, పిల్లలపై అఘాయిత్యాల ప్రస్తావన ఉన్నాయి. పెద్దలకు మాత్రమే.

‘ట్వైలైట్’ (2005) గురించి సాహిత్యాభిమానులు ముఖం చిట్లిస్తారు. స్టెఫెనీ మేయర్ పిశాచి ఎండలో కాలడు, తళతళలాడతాడు. జంతువుల నెత్తురుతో సరిపెట్టుకుని తనను శాకాహారి అని చెప్పుకుంటాడు. పదిహేడేళ్ల అమ్మాయి ప్రేమకథగా దాన్ని అంగీకరిస్తే హాయిగా నడుస్తుంది, ఇంగ్లీషు తేలిక. అంతకు మించి ఆశించకూడదు.

ఒకచోట

| నవల | కథ ఎవరి నోట | ఇంగ్లీషు | ఎక్కువగా ఉన్నది |
|---|---|---|---|
| కార్మిల్లా | పాలబడిన అమ్మాయి | పాతది, పొట్టిది | ఆకర్షణ, అనుమానం |
| డ్రాక్యులా | వేటగాళ్లు | పాతది, పొడవైనది | వెతుకులాట |
| ఐ యామ్ లెజెండ్ | చివరి మనిషి పక్కన | సూటిది, పొట్టిది | ఒంటరితనం, తర్కం |
| ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్ | పిశాచే | అలంకారాలతో నిండినది | శోకం |
| లెట్ ద రైట్ వన్ ఇన్ | పలువురి పక్కన | సులువు, విషయం కఠినం | క్రూరత్వం, స్నేహం |
| ట్వైలైట్ | ప్రేమించిన అమ్మాయి | చాలా తేలిక | ప్రేమ |

ఎవరి చేతిలో ఏది

ఇంగ్లీషు నవల ఇంతవరకు ఒక్కటీ పూర్తి చేయని ఇంటర్ విద్యార్థి ‘ట్వైలైట్’తో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. ప్రేమకథలు గిట్టనివారైతే ‘ఐ యామ్ లెజెండ్’ తీసుకోవాలి. వాక్యాలు పొట్టివి, కథ పరుగెడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లకు ఏమివ్వాలని అడిగే తల్లికి నేను ‘కార్మిల్లా’ చెబుతాను, కానీ తానూ పక్కన కూర్చుని చదవమంటాను, ఎందుకంటే పాత వాక్యాల కన్నా ఆ ఇద్దరమ్మాయిల అనుబంధం గురించి పిల్ల వేసే ప్రశ్నలకే ఎక్కువ ఓపిక కావాలి. సొంతంగా కథలు రాయాలనుకునేవారు మాత్రం ఎంత విసుగొచ్చినా ‘డ్రాక్యులా’ పూర్తి చేసి, వెంటనే ‘ఇంటర్వ్యూ’ అందుకోవాలి. వరస తిరగేస్తే పిశాచి మాట్లాడడం మామూలు విషయంగా కనిపించి, అతడి నోరు నొక్కిన నవల విలువ తెలియకుండా పోతుంది.

డబ్బు సంగతి కూడా చూడాలి. పాలిడోరి, లె ఫాను, స్టోకర్‌ల రచనలకు హక్కులు ఏనాడో తీరిపోయాయి, కనుక ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, మిగతావి కొనుక్కోవలసిందే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ, ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లలోనూ ‘డ్రాక్యులా’ ప్రతులు చవకగా దొరుకుతాయి గాని, వాటిలో పిల్లల కోసం కుదించినవీ కలిసి ఉంటాయి. అట్టమీది కోట బొమ్మ చూసి మోసపోకుండా కొట్టులోనే మొదటి అధ్యాయం తెరవాలి. మే 3వ తేదీ, బిస్ట్రిట్జ్ అంటూ జొనాథన్ హార్కర్ తన డైరీ తానే రాసుకుంటూ ఉంటే అది అసలు పుస్తకం. అనగనగా హార్కర్ అనే యువ న్యాయవాది ఉండేవాడు అని ఇంకెవరో చెప్పడం మొదలుపెడితే, ఎంత తక్కువకు ఇచ్చినా తిరిగి బల్లమీద పెట్టేయండి.